చారన్నం పథ్యంతో ప్రొటీన్ అందదు

ప్రశ్న: మేడమ్, నాకు 33 ఏళ్లు. హన్మకొండలో ఉంటాం. గవర్నమెంట్ స్కూల్లో టీచర్‌ని. ఐదు నెలల కింద హైదరాబాద్‌లో బరువు తగ్గే ఆపరేషన్ (స్లీవ్) చేయించుకున్నాను. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 86. షుగర్ మాత్రలు డాక్టరే ఆపించారు, మోకాళ్ల నొప్పి పోయింది. కానీ రెండు నెలలుగా జుట్టు దువ్వెన నిండా ఊడి వస్తోంది. మెట్లెక్కితే కాళ్లలో సత్తువ ఉండడం లేదు. మా అత్తమ్మ చాలా జాగ్రత్తగా చూసుకుంటోంది. మెత్తటి అన్నం, మిరియాల చారు, వారానికోసారి పాయ సూప్ పెడుతోంది. పొద్దున రెండు చిన్న ఇడ్లీలు, సాయంత్రం టీ, బిస్కెట్లు. గుడ్డు, కోడికూర వేడి చేస్తాయని ఆమె ఇవ్వదు. సోమవారం, శనివారం నీసు తినం. ప్రొటీన్ పౌడర్ వాడితే కిడ్నీలు పాడవుతాయని స్టాఫ్‌రూమ్‌లో అందరూ భయపెడుతున్నారు. విటమిన్ మాత్రలు నెల కింద ఆపేశాను. మూడో నెల చెకప్‌కు హైదరాబాద్ వెళ్లలేకపోయాను. మాకు ఒక పాప. రెండో బిడ్డ కోసం ఎప్పుడు ప్రయత్నించవచ్చు?

– ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: మీ ఉత్తరంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది జుట్టు సంగతి కాదమ్మా, మాత్రలు ఆపేశానన్న మాట. డిశ్చార్జ్ రోజు ఇచ్చిన చీటీ వెతికి తీయండి, మీ సర్జన్ ఆఫీసుకు ఫోన్ చేసి ఈ రోజే మళ్లీ మొదలుపెట్టండి. బలం వచ్చేదాకా వేసుకుని మానేసే టానిక్ లాంటివి కావవి. స్లీవ్ చేయించుకున్నవాళ్లకైనా, బైపాస్ (గుండెది కాదు, పేగులో కొంత భాగాన్ని తప్పించే మరో రకం బరువు తగ్గే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లకైనా విటమిన్ మాత్రలు జీవితాంతం ఉంటాయి. ఆపరేషన్‌కు ముందే ఈ మాట గట్టిగా చెప్పాల్సింది. చెప్పినా, ఆ రోజు ఉన్న భయంలో మీ చెవికెక్కి ఉండదు.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. తిండి తక్కువ పట్టడం మాత్రమే కాదు, ఆమ్లం కూడా తక్కువ తయారవుతుంది. ఇనుము ఒంటికి పట్టాలంటే ఆ ఆమ్లం కావాలి. విటమిన్ బి12 పేగులో ఇంకడానికి తోడ్పడే పదార్థం కూడా జీర్ణాశయం గోడలోనే పుడుతుంది, అదీ తగ్గిపోతుంది. బైపాస్ వాళ్ల ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. ఇనుము, కాల్షియం బాగా పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగం వాళ్ల తిండి దారిలోంచే తప్పిపోతుంది. కాబట్టి మంచి తిండి తింటున్నా సరే, మాత్రలు లేకపోతే లోటు వస్తుంది. వెంటనే కాదు. ఒంట్లో ఉన్న నిల్వ కొన్నాళ్లు నడిపిస్తుంది, అందుకే ఆపినా ఏమీ కాలేదనిపిస్తుంది.

ఇక తిండి సంగతి. మన ఇళ్లలో ఆపరేషన్ అంటే పథ్యం. కాన్పు అయినా, జ్వరం వచ్చి లేచినా, గర్భసంచి తీసినా మెత్తగా ఉడికించిన అన్నం, పల్చటి చారు, కారం లేని కూర. కడుపుకు శ్రమ ఇవ్వకూడదన్నది దాని వెనకున్న ఆలోచన. మీ అత్తమ్మ కూడా అదే ప్రేమతో పెడుతోంది. ఈ ఆపరేషన్ అయిన మొదటి కొన్ని వారాలు ద్రవాలు, మెత్తటి తిండి ఉండాల్సిందే. అయితే ఐదో నెలలో ఆ పథ్యం కొనసాగిస్తే ఒంటికి నష్టం. మీ పొట్టలో ఒక పూటకు పట్టేదే కాస్తంత. ఆ కాస్త చోటునూ చారన్నం నింపేస్తే ప్రొటీన్‌కు జాగా ఎక్కడ?

మీరు రాసిన రోజును లెక్క కట్టి చూశాను. రెండు చిన్న ఇడ్లీల్లో 4 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం అన్నం, చారులో కలిపి 4 లేదా 5. టీలో పాలు, బిస్కెట్లు కలిస్తే 3. రాత్రి సంగతి రాయలేదు, మజ్జిగన్నం అనుకుంటే మహా అయితే 4. మొత్తం 20 గ్రాములు కూడా దాటడం లేదు. మీకు కావాల్సింది రోజుకు కనీసం 60 గ్రాములు, 80 దాకా వెళ్లినా మంచిదే. తిండిలో దొరకని ప్రొటీన్‌ను ఒళ్లు కండల్లోంచి తీసుకుంటుంది. మీరు తగ్గిన 26 కిలోల్లో కొవ్వుతోపాటు కొంత కండ కూడా పోయి ఉంటుంది. మెట్ల దగ్గర కాళ్లు చెబుతున్నది అదే కావచ్చు. ఇనుము తక్కువైనా ఆయాసం, నీరసం ఉంటాయి కాబట్టి పరీక్ష చేయిస్తే గానీ ఏది ఎంతన్నది తేలదు.

పాయ సూప్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని మీద మనకున్న నమ్మకం చాలా గట్టిది. ఎముకలు గంటల తరబడి ఉడికితే వచ్చే జిగురు జెలటిన్. అది ప్రొటీనే గానీ కండ కట్టడానికి కావాల్సిన అమైనో ఆమ్లాలన్నీ అందులో ఉండవు, ఒకటైతే అసలే ఉండదు. గిన్నెడు సూప్ తాగితే పొట్ట నిండుతుంది, పని మాత్రం సగమే జరుగుతుంది. చలిపూట తాగాలనిపిస్తే తాగండి, దాన్ని భోజనం కింద లెక్కేయకండి. కొలాజెన్ పేరుతో అమ్ముతున్న పొడులకూ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు కంచంలో మార్చాల్సింది వరుస. మనం అన్నం పెట్టుకుని దాన్లోకి కూర వేసుకుంటాం. మీరు గుడ్డో, చేపో, పప్పో ముందు తినండి, తర్వాత కూరగాయ, చివర్లో చోటుంటే రెండు ముద్దలు అన్నమో, చిన్న జొన్నరొట్టె ముక్కో. చోటు లేకపోతే ఆ పూట అన్నం లేదు. అన్నం తినకపోతే భోజనం చేసినట్టుండదని మీకు అనిపిస్తుంది, ఇంట్లోవాళ్లకు ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం మొండిగా ఉండండి.

నీసు తినే రోజుల్లో 60 గ్రాములు చేరుకోవడం కష్టమేమీ కాదు. ఒక గుడ్డులో 6 గ్రాములు. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు తినగలిగితే 12 వచ్చేస్తాయి, ఒకేసారి పట్టకపోతే ఒకటి ఇంట్లో, ఒకటి స్కూల్ ఇంటర్వెల్లో. మధ్యాహ్నానికి చేప బాగుంటుంది. మనకు చెరువులు ఉన్నాయి, కొర్రమీను దొరుకుతుంది. ముళ్లు తక్కువ, మాంసం మెత్తన, మీలాంటివాళ్ల పొట్టకు బాగా ఒదుగుతుంది. రేటు ఎక్కువనుకుంటే రవ్వ, బొచ్చె అయినా సరే, ముళ్లు మాత్రం జాగ్రత్తగా తీయాలి. వేపుడు కాకుండా పులుసు పెట్టించండి. వండిన చేప 75 గ్రాములు తింటే 15 గ్రాముల దాకా ప్రొటీన్. కోడికూర అయితే ఎండిపోయిన ముక్కలు గొంతు దిగాక అడ్డంపడ్డట్టు ఉంటాయి, చాలామంది అక్కడే భయపడి మాంసం మానేస్తారు. కీమా కొట్టించి తడిగా వండితే ఆ బాధ ఉండదు. సాయంత్రం బిస్కెట్ల బదులు పెసర గుడాలో, బొబ్బర గుడాలో అరకప్పు, బాగా ఉడికించి, ఉల్లిపాయ వేసి తాలింపు పెట్టినవి, 6 లేదా 7 గ్రాములు. రాత్రి 50 గ్రాముల పనీర్ అంటే 9 గ్రాములు. మధ్యలో గ్లాసు పాలు 6 గ్రాములు. ఇక తగ్గే పది గ్రాములకు పాలలో అర స్కూప్ పౌడర్ కలుపుకుంటే సరిపోతుంది.

గుడ్డు, కోడి వేడి చేస్తాయన్న మాటకు మీ అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. ఆమెను ఒకసారి మీతోపాటు డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. వంట చేసే మనిషి చెవిన నేరుగా పడితేనే వంట మారుతుంది, ఇది నేను మళ్లీ మళ్లీ చూస్తున్నదే. ఒంటిని కాపాడాలన్న పట్టుదల ఆమెకు ఎలాగూ ఉంది.

సోమ, శనివారాల్లో కాస్త ప్లాన్ కావాలి. శ్రావణం, కార్తీకం వచ్చాయంటే ఇంకా ఎక్కువ కావాలి. పప్పుచారు పప్పు కాదు. కందిపప్పును గట్టిగా, ముద్దపప్పులా వండి చిన్న గిన్నెలో చెంచాతో తినండి, 6 నుంచి 7 గ్రాములు వస్తాయి. మీల్‌మేకర్ ఎండువి 20 గ్రాములు నానబెట్టి, పిండి, తరిగి కూర చేస్తే 10 గ్రాములు. పనీర్, పాలు ఎలాగూ ఉన్నాయి. పెరుగును గుడ్డలో కట్టి నీరు కార్చేస్తే తక్కువ చోటులో ఎక్కువ ప్రొటీన్. ఇవన్నీ తిన్నా ఈ రెండు రోజులు పౌడర్ నిండు స్కూప్ తప్పదు. పల్లీల్లో ప్రొటీన్ బాగానే ఉంది గానీ వాటితోపాటు నూనె కూడా అంతకు రెండింతలు వస్తుంది, కాబట్టి గుప్పెడు వద్దు, చెంచాడు పొడి చాలు.

కిడ్నీల భయం. మూత్రపిండాలు బాగున్నవాళ్లకు రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్‌తో హాని లేదు. ఇది పహిల్వాన్ల మోతాదు కాదు, మనిషి మామూలుగా తినాల్సినదానికి కాస్త పైన, అంతే. మీకు ఇంతకుముందు షుగర్ ఉంది కాబట్టి క్రియాటినిన్, యూరిన్ పరీక్ష ఒకసారి చేయించి డాక్టర్‌కు చూపించండి. అవి బాగుంటే స్టాఫ్‌రూమ్ మాటలు పట్టించుకోనక్కర్లేదు. కొనేటప్పుడు డబ్బా వెనక చూడండి. వే ప్రొటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసేది) అయ్యుండాలి, ఒక స్కూప్‌లో 20 గ్రాములకు తక్కువ కాకూడదు, చక్కెర దాదాపు లేకుండా ఉండాలి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్ ఉండాలి. పాలు పడక కడుపు ఉబ్బరిస్తుంటే ఐసోలేట్ రకం అడగండి. పిల్లలకు పాలలో కలిపే మాల్ట్ పొడులు దీనికి పనికిరావు, వాటిలో పిండిపదార్థం, చక్కెరే ఎక్కువ.

మాంసం ముక్క తింటే బరువుగా ఉంటుంది, సకినాలు, బిస్కెట్లు, మురుకులు మాత్రం ఎన్నయినా దిగిపోతాయి. నోట్లోనే పొడై, టీతో కలిసి జారిపోతాయి కాబట్టి కడుపు నిండిన కబురు అందదు. సంక్రాంతికి ఇంటినిండా సకినాలు ఉంటాయి, ఒకటి తినండి, డబ్బా మాత్రం మీ చేతికి అందే చోట పెట్టుకోకండి. తీపితో ఇంకో ఇబ్బంది ఉంది. బతుకమ్మ సద్దుల్లో మలీద, మేడారం నుంచి తెచ్చిన బెల్లం కాస్త ఎక్కువ తింటే కొందరికి అరగంటలోపే గుండెదడ, చెమట, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్లకు ఎక్కువ, స్లీవ్ వాళ్లకూ రావచ్చు. అమ్మవారి బంగారం కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకోండి, చాలు. కల్లు, మందు జోలికి పోవద్దు. ఆపరేషన్ తర్వాత మత్తు తొందరగా, ఎక్కువగా ఎక్కుతుంది.

నీళ్లు మీరు రాయలేదు, కానీ టీచర్లను అడక్కుండా ఉండలేను. బడిలో బాత్రూమ్ సరిగా ఉండదని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టని మేడమ్‌లు చాలామంది. మీరిక అలా ఉండకూడదు, ఎందుకంటే ఇంటికొచ్చి చెంబుడు నీళ్లు ఒకేసారి తాగే పొట్ట మీకు లేదు. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు, గుటక గుటకగా, రోజంతా. అన్నంతోపాటు వద్దు, తిన్నాక అరగంట ఆగి. వరంగల్ ఎండల్లో ఇంకాస్త ఎక్కువ కావాలి. సోడాలు, కూల్‌డ్రింక్‌లు వద్దు.

మాత్రల్లో ఏవేవి, ఎంతెంత అన్నది మీ డాక్టర్ చీటీ, మీ రక్తపరీక్షలే తేల్చాలి. సాధారణంగా ఉండేవి చెబుతాను, మీ చీటీతో పోల్చుకోండి. ఖనిజాలు కలిసిన మల్టీవిటమిన్ రోజూ. నెలసరి వచ్చే ఆడవాళ్లకు ఇనుము రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు. కాల్షియం తిండితో కలిపి మొత్తం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి కాదు, 500 చొప్పున రెండు మూడు సార్లు. విటమిన్ డి3 రోజుకు 3000 యూనిట్లు, బి12 మాత్రగా రోజూ లేదా ఇంజెక్షన్‌గా నెలకోసారి 1000 మైక్రోగ్రాములు. కాల్షియం స్ట్రిప్ మీద సిట్రేట్ అని ఉందో, కార్బొనేట్ అని ఉందో చూడండి. షాపులో ఎక్కువగా చేతికిచ్చేది కార్బొనేట్. అది కరగడానికి ఆమ్లం కావాలి, మీకు సిట్రేట్ మేలు. ఇనుము, కాల్షియం కలిపి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, మధ్యలో రెండు గంటలు ఉండాలి. ఇనుము మాత్రతో టీ అస్సలు వద్దు, నిమ్మనీళ్లయితే మంచిది. పుంటికూర తింటున్నాం కదా, బెల్లం తింటున్నాం కదా అని ఇనుము మానేసేవాళ్లున్నారు, వాటిలోంచి మీ ఒంటికి అందేది చాలా తక్కువ. గ్యాస్ మాత్ర నెలల తరబడి వాడుతుంటే బి12 ఇంకా తగ్గుతుంది, అది కొనసాగించాలా వద్దా అని కూడా అడగండి.

జుట్టు గురించి ధైర్యంగా ఉండండి. ఆపరేషన్, తొందరగా బరువు తగ్గడం, ఈ రెండూ ఒంటికి పెద్ద కుదుపు. మూడో నెల ప్రాంతంలో వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్లి రాలిపోతాయి, కుదుళ్లు మాత్రం పోవు. సాధారణంగా కొన్ని నెలలకు రాలడం తగ్గి మళ్లీ మొలుస్తుంది. ప్రొటీన్, ఇనుము, జింక్ తక్కువైతే మాత్రం ఎక్కువకాలం సాగుతుంది, మీ విషయంలో ఆ అనుమానం ఉంది. బయోటిన్ మాత్రల కోసం డబ్బు పెట్టకండి. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ వేసుకుంటూ థైరాయిడ్ పరీక్ష చేయిస్తే రిపోర్టు తప్పుగా రావచ్చు.

హైదరాబాద్ వెళ్లడం కుదరకపోతే పరీక్షలు హన్మకొండలోనే చేయించండి. హిమోగ్లోబిన్‌తో కూడిన పూర్తి రక్తపరీక్ష, ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, అల్బుమిన్, లివర్, కిడ్నీ పరీక్షలు. రిపోర్టులు ఫోన్‌లో సర్జన్‌కు పంపండి. మూడో నెలది పోయింది, దానికి బదులు ఇప్పుడు చేయించండి. తర్వాత ఆపరేషన్‌కు ఏడాది నిండినప్పుడు, ఆపైన ఏటా.

ఇక ఇది మాత్రం మీరే కాదు, ఇంట్లో అందరూ చదవాలి. ఎప్పుడైనా రెండు మూడు రోజులు వరుసగా వాంతులై ఏమీ నిలవకపోతే ఇంట్లో కూర్చోకండి. ఒంట్లో థయమిన్, అంటే బి1, నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది అయిపోతే అరికాళ్లు తిమ్మిర్లు, నడకలో తూలడం, చూపు రెండుగా కనిపించడం, మాట తికమక మొదలవుతాయి. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాదు. మన దగ్గర వాంతులనగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకోవడం అలవాటు. థయమిన్ అడుగంటిన మనిషికి అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా మొదటి మాటే ఇది చెప్పండి: ‘నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది, గ్లూకోజ్ కన్నా ముందు థయమిన్ ఇంజెక్షన్ కావాలి.’ మీ ఆయన ఫోన్‌లో కూడా ఈ వాక్యం రాసిపెట్టండి, మీరు చెప్పలేని స్థితిలో ఉండొచ్చు. అలాగే నొప్పి మాత్రలు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, అడక్కుండా మింగకండి, పుండ్లు పడతాయి. బైపాస్ వాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

రెండో బిడ్డ కోసం ఆపరేషన్ రోజు నుంచి 12 నుంచి 18 నెలలు ఆగండి. బరువు వేగంగా తగ్గుతున్న ఈ రోజుల్లో మీకే తిండి చాలడం లేదు, కడుపులో బిడ్డకు ఎక్కడ నుంచి వస్తుంది? బరువు తగ్గాక నెలసరి సరిగా అయి, అనుకోకుండానే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, కాబట్టి ఈలోపు ఏ జాగ్రత్త తీసుకోవాలో గైనకాలజిస్ట్‌ను ఇప్పుడే కలవండి. ప్రయత్నం మొదలుపెట్టే ముందు పరీక్షలన్నీ మరోసారి చేయించాలి, ఫోలిక్ యాసిడ్ మోతాదు, మీ మల్టీవిటమిన్‌లో విటమిన్ ఎ ఏ రూపంలో ఉందో వాళ్లు చూస్తారు. గర్భం వచ్చాక షుగర్ పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగమంటారు. మీకు దాంతో డంపింగ్ రావచ్చు. మీ ఆపరేషన్ సంగతి ముందే చెబితే వేరే పద్ధతిలో షుగర్ చూస్తారు.